ముందు నాన్నగారి నోటుపుస్తకం, ఆ తర్వాతే నాణేల డబ్బా

ప్రశ్న:

మా నాన్నగారు హనుమకొండలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. నిరుడు కార్తీక మాసంలో కాలం చేశారు. యాభై ఏళ్లపాటు స్టాంపులు, నాణేలు సేకరించారు. పద్నాలుగు స్టాంపు ఆల్బంలు, నాణేలున్న మూడు రేకు డబ్బాలు, ఒక నోట్ల ఆల్బం, ఆయన చేతిరాతతో రెండు నోటుపుస్తకాలు మిగిలాయి. లెక్కపెడితే విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, అయిదో జార్జి బొమ్మల వెండి రూపాయలు 85, చార్మినార్ రూపాయలు 40 తేలాయి. నోట్ల ఆల్బంలో రద్దయిన పాత 500, 1000 నోట్లు 18 ఉన్నాయి. పాత వస్తువులు కొనే ఒకాయన వచ్చి చూసి, అంతా కలిపి 60 వేలు ఇస్తానన్నాడు. మా పెదనాన్న కొడుకేమో ఒక గాంధీ స్టాంపు నాలుగు కోట్లు పలికిందని, తొందరపడొద్దని అంటున్నాడు. అమెరికాలో ఉన్న తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు. నాణేలు తాను తీసుకెళ్తాడట, ఆల్బంలు నన్ను ఉంచుకోమంటున్నాడు. అమ్మ ఏమీ అనడం లేదు. ఇంటర్నెట్‌లో ఒక నాణెం ఫొటో పెడితే, రిజర్వు బ్యాంకు తరఫున కొంటామని, ముందు 2,500 రూపాయల రిజిస్ట్రేషన్ రుసుం కట్టమని ఎవరో ఫోను చేశారు. మరొక సంగతి. రాగి నాణేలు నల్లబడ్డాయని ముప్పై దాకా చింతపండుతో తోమాను. తళతళలాడుతున్నాయి కానీ, తప్పు చేశానేమోనని భయంగా ఉంది. నోటుపుస్తకాల్లో 'అ.పూ. 1330 – మట్. – 14', 'అ.స. 1330 – కాజీ. – 22' ఇలా వందల పంక్తులున్నాయి. మాకు ఒక్కటీ అర్థం కాలేదు. ఏం చేయమంటారు?

– ఒక కూతురు, హనుమకొండ

సమాధానం:

అమ్మా, ముందు చింతపండు సంగతి చెప్పి మీ భయం కొంత తీరుస్తాను. రాగి చెంబు తోమినట్టు పాత నాణెం తోమడం మన ఇళ్లలో చాలామంది చేసిన పనే. చింతపండు పులుపు రాగి మీది నలుపుతో పాటు కింది లోహాన్ని కూడా కాస్త తినేస్తుంది. ఆ నలుపు మురికి అనుకుంటాం. నిజానికి దశాబ్దాలుగా గాలి తగిలి నాణెం మీద ఏర్పడిన పొర అది. సేకరించేవాళ్లు మొదట చూసేది దాన్నే. తోమిన నాణెం ఎంత మెరిస్తే వాళ్ల కంట అంత తగ్గుతుంది. పోయిన పొర ఇక రాదు. అయితే మీ ప్రాంతంలో ఇళ్లలో దొరికే రాగి నాణేల్లో ఎక్కువ భాగం బ్రిటిషు వాళ్ల పావు అణాలు, నిజాం కాలపు రెండు పైలు. లెక్కలేనన్ని ముద్రించినవి కాబట్టి మీరు తోమిన ముప్పయ్యింటి వల్ల పెద్ద నష్టం జరిగి ఉండదనే అనుకుంటున్నాను. వాటిని విడిగా ఒక కవరులో వేసి, పైన 'తోమినవి' అని రాసి ఉంచండి. మిగిలినవాటిని, ముఖ్యంగా వెండివాటిని, విభూతితో గానీ పళ్లపొడితో గానీ సబ్బుతో గానీ ముట్టుకోకండి. గుడ్డతో తుడవడం కూడా వద్దు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపినవి వెండి రూపాయలు కావు, అర్థం కాలేదంటూ చివర్లో మీరు రాసిన ఆ రెండు పంక్తులు. 1330 అనేది హిజ్రీ, అంటే ముస్లిం పంచాంగపు, సంవత్సరం. 1911 డిసెంబరులో మొదలై 1912 డిసెంబరులో ముగిసింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో కన్నుమూసి, మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన కొద్ది నెలలకు వచ్చిన ఏడాది. ఒక చార్మినార్ రూపాయిని భూతద్దం కింద పెట్టి చూడండి. నడిమి ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ కాలపు నాణెమైతే అది 'మీమ్', ఉస్మాన్ కాలపుదైతే 'అయిన్'. ఉస్మాన్ తొలి నాణేల్లో ఆ అయిన్ సగమే ఉంటుంది, ఆ తర్వాత పూర్తి అక్షరం వచ్చింది. కాబట్టి 'అ.పూ.' అంటే అయిన్ పూర్తి, 'అ.స.' అంటే అయిన్ సగం అయి ఉండాలి. చివరి అంకె ఆయన పెట్టిన ధర కావచ్చు.

అదే నిజమైతే ఒకే ఏటి ముద్ర ఉన్న రెండు రూపాయల మధ్య ఒక అక్షరంలో సగం తేడా పట్టుకుని, రెంటినీ వేరువేరుగా సంపాదించి దాచిన మనిషి మీ నాన్నగారు. అప్పుడు మీరు లెక్కపెట్టిన 40 చార్మినార్ రూపాయలు ఒకే రకం నలభై అయి ఉండవు. వాటిలో వేర్వేరు ఏళ్లవి, వేర్వేరు ముద్రలవి ఎన్ని ఉన్నాయో ఆ పుస్తకమే చెప్పాలి. మీరు వాటిని లెక్కపెట్టేటప్పుడు కుప్పగా పోశారో, చీటీల పొట్లాల్లో ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచారో రాయలేదు. పొట్లాలు ఉంటే మాత్రం ఏ నాణెం ఏ కాగితంలోది ఆ కాగితంలోనే ఉండాలి. ఆ కాగితం మీద ఒక అంకె ఉన్నా చాలు, అది నోటుపుస్తకంలోని పంక్తికి తాళంచెవి.

కాబట్టి అమ్మడం, పంచడం, ఎవరికైనా చూపించడం ఇవన్నీ పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టుగా రాసుకోండి. మొదట రెండు నోటుపుస్తకాల ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీయండి. తర్వాత డబ్బాలు. మూత తీయగానే పైన ఏముందో ఒక ఫొటో, ఆ వరుస తీశాక దాని కింద ఏముందో ఇంకొకటి. కిటికీ పక్కన పగటి వెలుతురులో తీస్తే చాలు, ఫ్లాష్ వద్దు. నాణేనికి రెండు వైపులా ఫొటో, పక్కన చీటీ మీద వరుస సంఖ్య. ఆల్బంలైతే పేజీకొక ఫొటో, స్టాంపులను మాత్రం పేజీల్లోంచి తీయకండి. పద్నాలుగు ఆల్బంలకు నాలుగైదు ఆదివారాలు పడుతుంది. పట్టనివ్వండి. తమ్ముడు వచ్చేనాటికి ఆ జాబితా మీ చేతిలో ఉంటే సగం గొడవలు మొదలే కావు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా మేనమామ పోయినప్పుడు నలుగురు పిల్లలూ తగాదా లేకుండా తలా రెండు ఆల్బంలు పంచుకున్నారు. అందరం మెచ్చుకున్నాం కూడా. నిజాం ప్రభుత్వం 1931లో తెచ్చిన బొమ్మల స్టాంపులు ఆయన దగ్గర పూర్తిగా ఉండేవి. అణా స్టాంపు మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ముఖద్వారం, పన్నెండణాల మీద బీదరు మదరసా, రూపాయి మీద దౌలతాబాదు విజయద్వారం. చిన్నప్పుడు ఆయన వాటిని నాకు చూపించే ఒక్కొక్క ఊరి కథా చెప్పేవారు. ధరల వారీగా వేర్వేరు ఆల్బంలలో పెట్టుకున్నారన్న సంగతి పంచుకున్నవాళ్లకు తెలియదు. చార్మినార్ ఒక ఇంటికి, ఉస్మాన్‌సాగర్ ఇంకో ఇంటికి వెళ్లాయి. ఇప్పుడు ఏ ఇంట్లోనూ సెట్టు లేదు.

అంతకన్నా నొప్పించేది ఇంకొకటి. ఆయన ఒక చెప్పుల పెట్టె నిండా పాత ఉత్తరాల కవర్లు దాచారు. 'స్టాంపులే కదా కావాలి' అని పిల్లలు వాటిని నీళ్లలో నానబెట్టి స్టాంపులు ఊడదీసి, కవర్లు పారేశారు. హైదరాబాద్ సంస్థానం స్టాంపులు సంస్థానం లోపలే చెల్లేవి. బయటి ఊరికి ఉత్తరం వేయాలంటే బ్రిటిషిండియా స్టాంపు అతికించాల్సిందే. 1950లో సంస్థానం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. ఏ ఊళ్లో వేశారు, ఏ తేదీన, ఏ దారిన వెళ్లింది, ఎంత ఖర్చయింది అన్నవి కవరు మీది ముద్రల్లోనే ఉంటాయి. ఊడదీసిన స్టాంపు వందల మంది దగ్గర ఉండేదే. ఆ కవరు మాత్రం ప్రపంచంలో ఒక్కటే. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే, చిరిగిన కవరైనా సరే, కత్తెర దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు 60 వేల సంగతి. మీరు లెక్కల మాస్టారి కూతురు, ఈ గుణకారం మీరే చేయగలరు. ఆ కాలపు బ్రిటిషు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. అంటే ఒక్కో రూపాయిలో సుమారు 10.7 గ్రాముల వెండి. 85 రూపాయల్లో 900 గ్రాములు దాటుతుంది. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. నలభైలో సుమారు 365 గ్రాములు. రెండూ కలిపితే కిలోంపావు పైన. యుద్ధకాలంలో రూపాయిలో వెండి తగ్గించారు కాబట్టి 1940ల చార్మినార్ నాణేలు కొన్ని ఉంటే ఆ మేరకు కాస్త తగ్గుతుంది. పేపరు తీసి ఇవాళ్టి వెండి ధరతో గుణించి చూడండి. ఆయన చెప్పిన మొత్తం వట్టి వెండికే చాలదు. ఆల్బంలు, నోట్లు, మిగతా నాణేలు ఆయనకు ఊరికే వచ్చినట్టే.

పైగా వెండి ధర అనేది అట్టడుగు మెట్టు మాత్రమే. ఆ 85లో 1911 నాటి అయిదో జార్జి రూపాయి ఉందేమో వెతకండి. రాజు దుస్తుల మీద చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని అప్పట్లో అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం దాన్ని ఆపి, చాలావరకు కరిగించేసింది, మరుసటి ఏడు ఏనుగును దిద్ది కొత్తది ముద్రించింది. అలాంటి నాణేన్ని తూకానికి అమ్మితే నాన్నగారి కష్టానికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

గాంధీ స్టాంపు విషయంలో మీ అన్నయ్య విన్నది పూర్తిగా అబద్ధం కాదు, కానీ అది మీ ఇంటి స్టాంపు గురించి కాదు. 1948 ఆగస్టు 15న గాంధీగారి మీద నాలుగు స్టాంపులు వచ్చాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండ్‌లో అచ్చయ్యాయి. వాటిలో కొద్దింటిపై గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకం కోసం 'సర్వీస్' అనే మాట అదనంగా అచ్చువేశారు. అలాంటి పది రూపాయల స్టాంపులు నాలుగు కలిసి ఉన్న పట్టీ 2017లో బ్రిటన్‌లో అయిదు లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. నాలుగు కోట్లు అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. మామూలు పది రూపాయల గాంధీ స్టాంపు కూడా మంచిదే, వెనక జిగురు చెదరకుండా ఉంటే ఇంకా మంచిది. కానీ దానికి నకిలీలు చాలా ఉన్నాయి, తెలిసినవాళ్లు చూడకుండా ధర అనుకోవద్దు. మరో నిజం కూడా మీకు చెప్పాలి. 1970ల తర్వాత వచ్చిన స్టాంపులు, తొలిరోజు కవర్లు లక్షల సంఖ్యలో అచ్చయ్యాయి, కొన్నవాళ్లంతా భద్రంగా దాచుకున్నారు. పద్నాలుగు ఆల్బంలలో పది వాటితోనే నిండి ఉండవచ్చు. వాటికి పెద్ద ధర రాదు. రాలేదని నాన్నగారి మీద చిన్నచూపు పడనివ్వకండి, వాటిని ఆయన డబ్బుకోసం కొని ఉండరు.

ఫోను చేసినవాడు మోసగాడు. ఇందులో సందేహమే లేదు. తన పేరు వాడుకుని పాత నాణేలు, నోట్లు కొంటామని చెప్పేవాళ్లతో తనకు సంబంధం లేదని, తాను ఎవరి దగ్గరా కమీషను గానీ రుసుం గానీ అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ నంబరును నిలిపివేయండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేయండి. ఇకపై ఇంటర్నెట్‌లో ఫొటో పెట్టకండి. ఇంట్లో వెండి ఉందని ఊరికి చాటినట్టవుతుంది.

రద్దయిన నోట్లు 18 అన్నారు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం పాత 500, 1000 నోట్లు పదికి మించి దగ్గర ఉంచుకోకూడదు. అధ్యయనం కోసం, సేకరణ కోసం అయితే 25 వరకు ఉండవచ్చు. మించితే పదివేల రూపాయలు గానీ, నోట్ల విలువకు అయిదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా పడవచ్చు. నాన్నగారి ఆల్బంలో సేకరణగా ఉన్నంతకాలం 18 హద్దులోనే ఉన్నాయి. వాటిని ఆల్బంలోంచి తీసి బీరువాలో డబ్బులాగా పెట్టకండి. ఇంట్లో చీరల మడతల్లో మరచిపోయిన పాత నోట్లు మరికొన్ని బయటపడితే లెక్క మారుతుందని గుర్తుంచుకోండి.

తమ్ముడి మాట అన్నిటికన్నా సున్నితం. అతను నాణేలు తీసుకెళ్తాననడం ఆశతోనే అనుకోకండి. దూరాన ఉండి తండ్రి చివరి రోజుల్లో దగ్గర లేకపోయిన కొడుక్కి చేతిలో పట్టుకునేది ఏదో ఒకటి కావాలనిపిస్తుంది. కానీ నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ, అయిదో జార్జివి దాదాపు అన్నీ నూరేళ్లు దాటినవే. చార్మినార్ వాటికి హిజ్రీ సంవత్సరం చూడాలి. 1344 హిజ్రీ మొదలైంది 1925 జూలైలో, అంతకు ముందు ఏళ్లవి నూరేళ్లు దాటినవే. విమానాశ్రయంలో అతని పెట్టె తెరిస్తే నాణేలూ పోతాయి, అతని భవిష్యత్తూ చిక్కులో పడుతుంది. ఈ మాట అతను బయలుదేరేలోపే ఫోనులో చెప్పండి. నూరేళ్లు నిండని స్టాంపులు ఈ నిషేధం కిందికి రావు. అతను పుట్టిన ఏడాది వచ్చిన స్టాంపులన్నీ ఏరి ఒక చిన్న ఆల్బం చేసి ఇవ్వండి. నాన్నగారి నోటుపుస్తకం పేజీలు బొమ్మలుగా పంపండి.

వాటాల విషయానికి వస్తే, వీలునామా లేకపోతే, నాయనమ్మగారు లేరనుకుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి సొత్తులో అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమాన భాగాలు. 'నాణేలు నాకు, ఆల్బంలు నీకు' అనేది చూడటానికి సమానం, విలువలో చాలా తేడా ఉండవచ్చు. జాబితా తయారయ్యాక, ధరలు తెలిశాక, సెట్లు విడగొట్టకుండా పంచుకోండి. ఎవరు ఏది తీసుకున్నారో ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి.

అమ్మాలనుకుంటే తొందర వద్దు. పాత వెండి నాణేలకు ముంబై, బెంగళూరు, అహ్మదాబాద్‌లలో వేలం సంస్థలున్నాయి. మొదట ఫొటోలు మాత్రమే పంపి, కమీషను ఎంత, కనీస ధర ఎవరు నిర్ణయిస్తారు, డబ్బు ఎన్నాళ్లకు వస్తుందో రాతపూర్వకంగా అడగండి. స్టాంపులకైతే హైదరాబాద్ అబిడ్స్‌లోని జీపీవోలో ఫిలాటెలీ బ్యూరో, అంటే స్టాంపులు సేకరించేవాళ్ల కోసం తపాలా శాఖ పెట్టిన విభాగం, ఉంది. అక్కడికి వచ్చిపోయే పాత సేకరణకర్తలను కలవండి. వాళ్లలో డబ్బు ఆశ లేకుండా ఒక పూట కూర్చుని చూసిపెట్టేవాళ్లు దొరుకుతారు. ఎవరు ఇంటికి వచ్చినా మీ ఇంటివాళ్లు ఇద్దరు పక్కన ఉండండి, ఆల్బం ఒక్క రాత్రికి కూడా బయటికి ఇవ్వకండి. మంచివి నాలుగు ఏరి ఎక్కువ ధర ఇస్తానని, మిగతావి మీకే వదిలేసేవాళ్లకు ఒప్పుకోకండి. పెద్ద మొత్తమే వచ్చేలా ఉంటే పన్ను సంగతి అమ్మకముందే ఆడిటరును అడగండి. నాన్నగారు కొన్న ధరలున్న నోటుపుస్తకం అక్కడా అక్కరకు వస్తుంది.

అందాకా ఆల్బంలను పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే బరువుకు, చెమ్మకు జిగురు కరిగి స్టాంపులు పేజీకి అంటుకుంటాయి. కలరా ఉండలు మధ్యలో పెట్టకండి. నాణేలను చవక ప్లాస్టిక్ కవర్లలో వేస్తే కొన్నేళ్లకు ఆకుపచ్చ జిడ్డు పడుతుంది, కాగితపు పొట్లాలే మేలు.

ధర రాని ఆల్బంల గురించి ఒక ఆలోచన చెబుతాను, నచ్చితేనే చేయండి. నాన్నగారు పాఠాలు చెప్పిన బడిలో స్టాంపుల క్లబ్బు పెట్టించి, ఒకటికి రెండు ఉన్న స్టాంపులన్నీ ఆ పిల్లలకు ఇవ్వండి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు స్టాంపులు సేకరించే పిల్లలకు తపాలా శాఖ 2017 నుంచి ఏడాదికి 6,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తోంది, బడిలో క్లబ్బు ఉండటం దానికి పనికొస్తుంది. గాజు బీరువాలో పెట్టి తాళం వేసే సంస్థకు ఇచ్చేకన్నా, పట్టుకుని చూసే పిల్లల చేతికి వెళ్లడమే నాకు ఇష్టం.

అమ్మగారు ఏమీ అనడం లేదని రాశారు. ఆవిడను మీలో ఎవరైనా అడిగారా? వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టుకోవడానికి రాణి బొమ్మ రూపాయలు నాలుగైదు కావాలంటే, మామూలు ఏళ్లవి చూసి, ఏ లెక్కల్లోకీ తేకుండా ఆవిడకు ఇచ్చేయండి. వాటికి పసుపు కుంకుమలు అంటినా ఫరవాలేదు.

ఆ రెండు పంక్తుల్లో మధ్యనున్న మాటలు ఇంకా మిగిలాయి. 'కాజీ.' అంటే కాజీపేట, 'మట్.' అంటే వరంగల్ మట్వాడా అనుకుంటున్నాను, నాణేలు కొన్న చోట్లు. ఇది నా ఊహ మాత్రమే. రేపు మధ్యాహ్నం పనులయ్యాక నోటుపుస్తకం తీసుకెళ్లి అమ్మగారి పక్కన కూర్చోండి. ఒక్కొక్క పంక్తీ పైకి చదవండి. నాణేల కోసం ఆయన ఎక్కడికి వెళ్లి, ఎన్నింటికి తిరిగి వచ్చేవారో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆవిడ చెప్పేవి పెన్సిలుతో పక్కనే రాయండి.